జిరాక్స్ కట్టిన బాణీ

రికార్డింగ్ స్టూడియోలో అతన్ని అందరూ జిరాక్స్ అనేవారు. ఏ పాటైనా ఒక్కసారి వింటే చాలు, గిటారు మీద దించేసేవాడు. ఇరవై ఏళ్లుగా పరాయి బాణీలు వాయించి వాయించి వేళ్లు కాయలు కాశాయి గానీ, ఇది నాదీ అని చెప్పుకోవడానికి ఒక్క బాణీ లేదు. అది తలుచుకుంటే అతనికి అన్నం సయించేది కాదు. చచ్చేలోగా ఒక్కటైనా కట్టి తీరాలని పంతం పట్టాడు.

పంతం పట్టాక పాటలు వినడం మానేశాడు. విన్నదల్లా వేళ్లకు అంటుకుంటుందని భయం. ఇంట్లో టీవీ మూగబోయింది. బస్సెక్కితే చెవుల్లో దూది. ఆరు నెలలు స్టూడియో గడప తొక్కలేదు, ఇల్లు భార్య కుట్టుమిషను మీద నడిచింది.

లావు తీగను కొంచెం వదులు చేసి, దాన్ని అలా మోగనిస్తూ, సన్న తీగల మీద స్వరాలు వెతికేవాడు. కట్టింది రాసుకోడు, ఫోనులో రికార్డు చెయ్యడు. మర్నాటికి వేళ్లకు గుర్తుంటే ఉన్నట్టు, లేకపోతే పోయినట్టు. అలా జల్లెడ పట్టగా పట్టగా నాలుగు నిమిషాల బాణీ నిలిచింది. పిల్లాడు పుట్టినంత సంబరపడ్డాడు.

గోడ అవతల గదిలో తమ్ముడుండేవాడు. అదే స్టూడియోలో కీబోర్డు వాయిస్తాడు. "అన్నయ్యా, ఆ చివరిది ఇంకోసారి వాయించవూ, ప్రాణం లేచొస్తోంది" అని గోడ తట్టి అడిగేవాడు. మనవాడు పొంగిపోయి వాయించేవాడు. మెచ్చుకునేవాడు దొరికితే మనిషికి ఒళ్లు తెలుస్తుందా?

ఏడో నెలలో స్టూడియోకి వెళ్లి, అందరినీ కూర్చోబెట్టి వాయించాడు. అర నిమిషం కాకముందే డ్రమ్మరు తొడ మీద తాళం వేస్తూ గొంతు కలిపాడు. ఎన్నడూ వినని బాణీకి గొంతెలా కలుపుతున్నాడో మనవాడికి అంతుపట్టలేదు. సౌండ్ ఇంజనీరు పగలబడి నవ్వాడు.

"ఏంటి గురూ, ఆరు నెలలు ఇంట్లో కూర్చుని ఫ్యాన్ల ప్రకటన దించావా? రెండు నెలల్నుంచీ ఊరంతా అదే మోత! మీ తమ్ముడు కట్టిందేగా!"

"అది నాది" అన్నాడు మనవాడు.

"ఎక్కడైనా రాసుకున్నావా? రికార్డుందా?"

లేవు. తమ్ముడి వంక చూశాడు. వాడు తొణకలేదు, బెణకలేదు.

"పోనీండి సార్, పాపం ఎక్కడో చెవిన పడుంటుంది. అన్నయ్యకి ఒక్కసారి వింటే చాలు కదా" అని జాలిపడ్డాడు.

ఆ జాలి కన్నా చెంప పగలగొట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి భార్యతో చెప్పుకున్నాడు. ఆమె మిషను ఆపలేదు.

"ఈ మోతలో నేనేం విన్నాను గనక? మీరే ఎక్కడో విని మర్చిపోయారేమో, బాగా గుర్తు తెచ్చుకోండి" అంది.

ఆ రోజు నుంచీ ఏమో, నిజంగానే విన్నానేమో అని తన మీద తనకే అనుమానం పట్టుకుంది.

వారం తిరక్కుండా తమ్ముడే కబురు చేశాడు. ఫ్యాన్ల కంపెనీకి పూర్తి బాణీ కావాలట. "ఆ లావు తీగ మోత కీబోర్డు మీద పలకట్లేదన్నయ్యా, నువ్వే రావాలి."

వెళ్లాడు. వెళ్లక ఏం చేస్తాడు? మరో పని రాదు. కళ్లు మూసుకుని నాలుగు నిమిషాలూ వాయించాడు, ఒక్క స్వరం తప్పలేదు. అద్దం అవతల నుంచి ఇంజనీరు బొటనవేలు పైకెత్తి, మైకులో మెచ్చుకున్నాడు.

"శభాష్! అచ్చం ఒరిజినల్ లాగే ఉంది."