లోపలి చెంగు

మా ఆయన పోయిన ఐదో నెలలో, ఆయన పనిచేసిన గ్యారేజీలోనే నాకు పని ఇచ్చారు. భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో అప్పట్లో అదే పద్ధతి. పనిలో ఉండగా మనిషి పోతే ఆ ఇంట్లో ఒకరిని తీసుకునేవారు. క్యాంప్ 1లో మా సందు ఆడవాళ్ళంతా వచ్చి, అదృష్టవంతురాలివే అన్నారు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. డెబ్బైల చివరి సంగతి ఇది. నాకప్పటికి ముప్ఫై కూడా నిండలేదు.

గ్యారేజీ అంటే ఒక్క బండి పెట్టుకునేది కాదు. రేకుల కప్పు కింద వరసగా జీపులు, ఆఫీసర్ల కార్లు, రెండు అంబులెన్సులు. వాటి వెనక గోడకి బ్యాటరీలు చార్జి చేసే పెట్టెలు ఆరు ఉండేవి. ఒక్కో పెట్టె నుంచి ప్లస్సుకొకటి, మైనస్సుకొకటి చొప్పున రెండు కేబుళ్ళు. అన్నీ కలిసి ఒకే కట్టగా గోడ పొడుగునా వచ్చి, జతలుగా విడిపోయి మేకులకి వేలాడేవి. చివర పళ్ళున్న క్లిప్పులు. మొదట్లో సగం ఎర్రవి, సగం నల్లవి అట. నేను చేరేసరికి ఆసిడ్‌కి, ఆయిలుకి అన్నీ ఒకటే బూడిద రంగులోకి వచ్చేశాయి. ప్రతి జతలోనూ ఒక కేబులుకి నల్లగా జిడ్డుపట్టిన పేలిక ఒకటి కట్టి ఉండేది. అదెందుకో నేను అడగలేదు.

బ్యాటరీల్లో నీళ్ళు పోయడం, కేబుళ్ళు తుడిచి చుట్టి మేకులకి తగిలించడం, నేల కడగడం నా పని. మిగతాదంతా మిస్త్రీ చూసుకునేవారు. శ్రీకాకుళం వైపు పెద్దాయన, మా నాన్న వయసు. మా ఆయన ఆయన్ని బాబాయ్ అని పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. చూపు తగ్గింది గానీ చేతులతో అన్నీ తెలిసిపోయేవి ఆయనకి.

నాకు శుభ్రం పిచ్చి. ఇంట్లో చెంచా కూడా పక్కకి తిరిగి ఉండకూడదు. చేరిన మూడోవారం, శనివారం నాడు బాబాయ్ ఏదో కాగితం పనిమీద దుర్గ్ వెళ్ళారు. ఇదే సందని ఆ కేబుళ్ళ పని పట్టాను. పేలికలన్నీ కత్తిరించి చెత్తడబ్బాలో పారేశాను. ప్రతి కేబులూ కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఒకే కొలతకి చుట్టి, ఆరు మేకులకీ ఆరు జతలు తగిలించి దూరంగా నిలబడి చూసుకున్నాను. మా ఆయన ఇన్నేళ్ళూ ఈ మురికిలో ఎలా పనిచేశారో అనుకున్నాను కూడా. ఆయన పోయాక ఏదో ఒకటి బాగా చేశానని నాకనిపించింది ఆ రోజే.

సోమవారం పొద్దున్న అంబులెన్సు బ్యాటరీ చార్జింగుకి వచ్చింది. బాబాయ్ దానిమీద వంగి, వెనక్కి చెయ్యి చాచారు.

“ప్లస్సు అందియ్యమ్మా.”

నేను చేతికొచ్చినది ఇచ్చాను. రెండోది ఆయనే తగిలించి స్విచ్చి వేశారు. చిటచిటమని నిప్పురవ్వలు లేచాయి. ఘాటు వాసన కొట్టింది. ఆయన ఒక్క గెంతుతో స్విచ్చి ఆపి, చెయ్యి దులుపుకుని, క్లిప్పు వెనక తడిమి చూసుకున్నారు.

“గుడ్డేదీ? దీనికి కట్టిన గుడ్డ ఏటయింది?”

“మురికి పేలికలు కదా బాబాయ్. తీసి పారేశాను.”

ఆయన తిట్టలేదు. అక్కడున్న పాత టైరు మీద కూచుండిపోయారు. “అయి మురికి పేలికలు కావమ్మా. ప్లస్సు గుర్తులు. నీ పెనిమిటి కట్టినాడు. అయి నేకపోతే నాలాంటి గుడ్డోడికి ఏది ఏటో ఎలా తెలుస్తాది?”

చెత్తడబ్బా ఇంకా ఎత్తలేదు. అందులో చెయ్యి పెట్టి వెతికితే ఐదు దొరికాయి. ఆరోది ఎంత వెతికినా లేదు. ఆ ఐదూ కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి సబ్బు పెట్టి ఉతికాను. మొదటిది రెండోసారి పిండేసరికి జిడ్డు వదిలి పసుపు రంగు తేలింది. అంచున మెరూన్. వేలితో రాస్తే మెత్తగా తగిలింది. అది నా పట్టుచీర.

ఆ చీర నా పెళ్ళికి మా అమ్మ విజయనగరంలో కొన్నది. ఆయన పోవడానికి ఓ పక్షం రోజుల ముందు, చరోదాలో పెళ్ళికి వెళ్ళాలని పెట్టె తెరిచి చీర విప్పాను. నడుముకి దోపుకునే లోపలి చెంగు జానెడు మేర వంకరటింకరగా కోసేసి ఉంది. పుట్టింటివాళ్ళు శుభమా అని పెట్టిన చీర. దానికి కత్తెర పెట్టకూడదని మాలో పట్టింపు. నాకసలే నోరెక్కువ.

“ఎవలు కోసీసినారో గానీ, ఆల సేతులు పడిపోను!” అని సందు చివరికి వినపడేలా అరిచాను.

ఆయన గుమ్మంలో కూచుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నారు. తలెత్తకుండా అన్నారు. “నానే కోసినాను. లోపలి సెంగే గదేటి. కడితే కనపడదు. పనికి కావలసొచ్చింది.”

పనికా? గ్యారేజీలో తుడుచుకోవడానికి మా అమ్మ పెట్టిన చీరే దొరికిందా? అంతకంటే వినదలుచుకోలేదు. నాలుగు రోజులు మాట్లాడలేదు. అన్నం కూడా పళ్ళెం ముందుకి తోసి పక్కకి పోయేదాన్ని. ఐదో రోజు ఆయనకి జ్వరం వచ్చింది. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లు ముదిరిపోయాయన్నారు. జ్వరం వచ్చిన పదకొండో రోజున పోయారు.

ఆస్పత్రిలో గ్లాసు పట్టుకోవడానికి కూడా ఆయన చేతులు లేవలేదు. దుప్పటి మీద అలా పడి ఉండేవి. నేను గంజి తాగిస్తూ ఆ చేతులే చూసేదాన్ని. నా మాటే తగిలిందని నాకు తెలుసు. ఎవరేం చెప్పినా నాకు తెలుసు. తప్పయిందని అందామనుకున్నాను. కానీ ఆ మాట మళ్ళీ నోటితో ఎత్తితే ఇంకా కీడని ఊరుకున్నాను. ఆయనా ఎత్తలేదు.

తడి పేలికలు పట్టుకుని వెళ్ళి బాబాయ్‌నే అడిగాను. ఇన్ని పాతగుడ్డలుండగా పట్టుచీర ఎందుకని.

“నూలుగుడ్డ ఆసిడ్‌కి ఆగదమ్మా. నెల తిరక్కుండా పొడైపోద్ది. ఓపాలి అలాగే గుడ్డ రాలిపోతే నీ పెనిమిటి ప్లస్సూ మైనస్సూ తిరగేసి తగిలించీసినాడు. పొద్దుట అంబులెన్సు కదల్లేదు. నొప్పులొస్తున్న మనిషిని జీపులో తీసుకెళ్ళినారు. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారు గానీ, ఈడు మాత్రం ఆ దినం అన్నం డబ్బా కూడా విప్పలేదు.”

ఆ డబ్బా నాకు గుర్తుంది. నిండుగా వెనక్కి వస్తే, నా వంట బాగాలేదా అని దెబ్బలాడాను.

“పట్టయితే ఆగుద్దని ఎవలో సెప్పినారంట. తెచ్చి కట్టినాడు. ఇంట్లో సెప్పినావేట్రా అంటే, ‘సెప్పనివ్వలేదు బాబాయ్, శానా కోపంగా ఉంది. తగ్గినాక సెప్తాను’ అన్నాడు.”

తగ్గలేదు. ఆయన పోయేదాకా నేను తగ్గలేదు.

బాబాయ్ చెప్పింది నిజమా అని వాదించడానికి కూడా లేకుండా, అప్పుడే నా ఒంటిమీది చీర చూసుకున్నాను. పనిలో చేరాక కట్టిన నూలు నేతచీర. మోకాళ్ళ దగ్గర జల్లెడలా చిల్లులు. ఇంట్లో బొద్దింకలు కొట్టాయనుకుని వాటిని తిట్టుకుంటున్నాను వారం రోజులుగా. చేతిలో ఉన్న పట్టు పేలికలకి మాత్రం, అన్ని నెలలు ఆసిడ్‌లో నానినా ఒక్క పోగు ఊడలేదు.

బాబాయ్, నేను కలిసి ఒక్కో కేబులూ పెట్టె దగ్గర్నుంచి పట్టుకుని, కట్టలోంచి వేరు చేసుకుంటూ చివరిదాకా వచ్చాం. ఐదింటికి ఐదు పేలికలు కట్టాను. ఆయన వేసిన ముడి ఎలాంటిదో గుర్తులేదు, కత్తిరించి పారేశాను కదా. నా ముడే వేశాను. అంబులెన్సు కేబులు ఒక్కటే ఉత్తది మిగిలిపోయింది.

సాయంత్రం ఇంటికి రాగానే పెట్టె తెరిచాను. చీర మడత విప్పి లోపలి చెంగు ఒళ్ళో వేసుకుని కూచున్నాను. ఆయన కత్తెర ఆగినచోట వంకరగా ఉంది. కొలిచి కోయడం రాదు ఆయనకి. ఆ వంకర పక్కనే కత్తెర పెట్టి, వేలెడు వెడల్పు ముక్క కోశాను. కోసి, చాలాసేపు చేతులు ముందు పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

ఎనభైలు గడిచేలోగా ఆ చీరకి మరో మూడుసార్లు కత్తెర పెట్టాను. పెట్టిన ప్రతిసారీ చూసుకునేదాన్ని. నా చేతులకి ఏమీ కాలేదు.