మా బావ తవ్విన వంపు

మా బావకి పొక్లెయిన్ నడపడంలో ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది, వంపు తవ్వడంలో ఒక్క పూట కూడా లేదు. ఆయన తవ్విన కాలువకి ఈ చివర నిలబడి చూస్తే ఆ చివర మనిషి కనపడాలి. పనివాళ్ళు ఆయన్ని ‘స్కేలు’ అంటారు. ఆయనకి అది బిరుదు, మా అక్కకి తలనొప్పి. ఆవిడ ఆరేసిన బట్టల్ని ఈయన వచ్చి, అంచులు కలిపి మళ్ళీ ఆరేస్తాడు.

ఆ బిరుదు వచ్చింది ఏటి దగ్గర. ఇరవై ఏళ్ళ కిందట, మెలికలు తిరిగి పారే ఏరు పక్కనున్న కంకర గుంటలోకి వచ్చిపడుతుందని ఆ గుంట యజమానులు భయపడ్డారు. ఏరుని పక్కకి జరిపి తిన్నగా తవ్వమన్నారు. మా బావ తవ్వాడు. కిలోమీటరు పొడవున వెంట్రుకవాసి తేడా లేదు. అందరూ మెచ్చుకున్నారు గానీ ఏరు మెచ్చుకోలేదు. మెలికల్లో నిదానంగా నడిచిన నీళ్ళు తిన్నని దారి దొరికేసరికి పరుగెత్తాయి, ఏటా వానల్లో గట్టు కోసుకుంటూ పోయాయి. ఆ కాలువ చివరి ఇల్లు బావ వాళ్ళ అక్కది, అంటే మా వదినది.

ముందు ఆవిడ బట్టలుతికే బండ పోయింది, తర్వాత జామచెట్టు. పన్నెండేళ్ళ కిందట ఒక పొద్దున స్నానాల గది మొత్తం పోయింది. అదృష్టం బాగుండి లోపల ఎవరూ లేరు. తలుపు మాత్రం దిగువన దొరికితే తెచ్చి, ఇటుకల మీద వేసి బెంచీ చేసుకుంది. ఆ రోజు బావ పరుగెత్తుకెళ్ళి, “కాలువలో తప్పేం లేదక్కా, చూడు, తిన్నగానే ఉంది” అన్నాడట. ఓదార్చడం అంటే అంతే తెలుసు పాపం. ఆ మాటతో వదిన ఆయనతో మాట్లాడటం మానేసింది.

మానేసిందంటే, నా ద్వారా మాట్లాడుతుంది. ఇద్దరూ మూడడుగుల దూరంలో ఉంటారు, మధ్యలో నేను. “అబ్బాయ్, మీ బావకి చెప్పు, చొక్కా తిరగేసి తొడుక్కున్నాడని” అంటుంది. నేను అటు తిరిగి, “బావా, చొక్కా తిరగేసి తొడుక్కున్నావట” అనాలి. అనకపోతే ఇద్దరికీ నా మీదే కోపం. పన్నెండేళ్ళు ఈ పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం చేశాను. జీతం లేదు, సెలవు లేదు, నా పెళ్ళి రోజు కూడా వదల్లేదు.

ఈ ఏడాదికి గట్టు బాగా సన్నబడి, అటు వదిన ఇంటికీ ఇటు కంకర గుంటకీ ముప్పొచ్చింది. ఏరుని మళ్ళీ మెలికల్లోకి తిప్పి, గట్లకి రాళ్ళు పేర్చి, పైన గడ్డి నాటాలని గుంట యజమానులు తీర్మానించారు. వానలకి ఆరు వారాలు ఉంది. పొక్లెయిన్ నడిపేది మా బావ, గుర్తుకి మేకులు కొట్టేది నేను. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. మా బావ తీసిన గోతిలో వాళ్ళక్క పడబోతోంది, అదీ సంగతి.

మొదటి వంపుకి మూడు రోజులు పట్టింది. పని చూడ్డానికి ఇంజనీరమ్మ వచ్చింది. చిన్న వయసు, పెద్ద టోపీ. చాలాసేపు చూసింది.

“ఇది వంపు కాదండీ. మూడు గీతలు, రెండు మూలలు. నీళ్ళు ఈ మూలకి కొట్టుకుంటే మళ్ళీ కోత మొదలవుతుంది.”

“ఎక్కడా వంకర లేదు మేడమ్,” అన్నాడు బావ.

“వంకరే కదండీ కావాల్సింది.”

సోమవారానికి కుదరకపోతే ఇంకో ఆపరేటర్ని పిలుస్తానని చెప్పి వెళ్ళింది. తలుపు బెంచీ మీద కూర్చుని అంతా విన్న వదిన నన్ను పిలిచింది.

“అబ్బాయ్, మీ బావకి చెప్పు. ఇంకోడు తవ్వితే నేనొప్పుకోను. చెడగొట్టినవాడే బాగుచెయ్యాలి.”

నేను అటు తిరిగేలోగా బావ తల దించుకున్నాడు. ఇక నేను చెప్పలేదు.

ఆ సాయంత్రం భోజనం దగ్గర ఆయన ముద్ద ఎత్తలేదు. “నా చేతికి రావట్లేదే. ఆ ఇల్లు పోతే మా అక్కకి మొహం ఎలా చూపించను” అన్నాడు. ఆయన నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు, నాకే బాధేసింది. మా అక్క కుట్టుమిషన్ దగ్గర ఎవరిదో జాకెట్టుకి మెడ కుడుతోంది. తలెత్తకుండానే అడిగింది.

“మెడ ఎలా కుడతానో ఎప్పుడైనా చూశారా?”

“చూసేదేముంది, గుండ్రంగా కుడతావు.”

“సూది ఉన్నచోటే ఉంటుందండీ. తిరిగేది గుడ్డ. నాలుగు కుట్లకోసారి కాస్త తిప్పుతాను. మీరేమో బండిని ఒకచోట పాతేసి, దాని చేత్తోనే వంపు తియ్యాలని చూస్తున్నారు. రెండు బకెట్లకోసారి బండినే కాస్త తిప్పండి.”

బావ లేచొచ్చి సూదిని చూశాడు. “ముప్పై ఏళ్ళ నుంచి చెప్పలేదేం?” అన్నాడు.

“మీరడిగారా?” అంది మా అక్క.

మర్నాడు తను కూడా ఏటి దగ్గరకి వచ్చింది. నా మేకులు చూసి, “ఇంత దూరదూరంగా కొడితే మూలలు రాక ఏమొస్తాయిరా” అని నన్ను కడిగేసింది. నిజమే, తప్పులో సగం నాది, అంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. సున్నం పొడి డబ్బా పట్టుకుని, వెనక్కి నడుస్తూ వంపంతా తనే గీసింది. గీత వెంటే పొక్లెయిన్. రెండు బకెట్లు, కాస్త తిరుగుడు, మళ్ళీ రెండు బకెట్లు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని ఒక్క విషయంలోనూ వంచలేకపోయిన మా అక్క, ఆ రెండు రోజుల్లో ఏటితో సహా వంచేసింది. సోమవారం ఇంజనీరమ్మ ఆ గట్టంతా నడిచి చూసి, టోపీ తీసి, “ఇదండీ వంపంటే” అంది. ఆ తర్వాత మిగతా వంపులు తవ్వీ, రాళ్ళు పేర్చీ, గడ్డి దుబ్బులు నాటీ మా అందరి నడుములు విరిగాయి.

వానలు రెండు రోజులు ముందే వచ్చాయి. మూడో పొద్దుకి ఏరు ఎర్రగా పొంగింది. నేను వెళ్ళేసరికి బావ వదిన పెరటి గట్టు మీద గొడుగు లేకుండా నిలబడి ఉన్నాడు. వదిన గుమ్మంలో ఉంది. నీళ్ళు విసురుగా వచ్చి మొదటి వంపుకి తగిలాయి, అక్కడ తిరిగాయి, రెండో వంపులో నెమ్మదించాయి. వదిన పెరటి దగ్గరకి వచ్చేసరికి ఆ పరుగు లేదు. గంటసేపు చూశాం. గట్టు నుంచి ఒక్క మట్టిపెళ్ళ జారలేదు.

అప్పుడు వదిన నోరు తెరిచింది. కబురు అందుకుందామని అలవాటుగా అటు తిరిగాను. ఆవిడ నన్ను చూడట్లేదు.

“ఒరేయ్, జ్వరమొస్తుంది, లోపలికి రారా. గడ్డి తొక్కకు, చుట్టూ తిరిగి రా.”

బావ కదల్లేదు. ఏడుస్తున్నాడు. అలాగే నావైపు తిరిగాడు.

“వస్తున్నానని అక్కకి చెప్పరా.”