ఉత్తరపు గోడ మీద అత్త

పోయిన వారం మా అబ్బాయి తన కొత్త ఇంటి ప్లాను చూపించడానికి వాస్తు చెప్పే ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, వీధి గుమ్మం ఉత్తరం నుంచి తూర్పుకు జరపాలన్నాడు. నేను అరిచాను. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూసేంత గట్టిగా అరిచాను. నరసరావుపేటలో నన్ను నెమ్మదస్తుడంటారు కాబట్టి ఇంట్లోవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. నిజానికి అది ఆయన మీద అరుపు కాదు. ఎనభైల్లో, హైదరాబాదు మన రాజధానిగా ఉన్న రోజుల్లో, నోరు పెగలక మింగేసిన అరుపు.

మా మేనమామ మాచర్ల వైపు రాతి శిల్పి. గుళ్లకు విగ్రహాలు చెక్కేవాడు. నేను ఏడో తరగతితో బడి మానేసి నాపరాళ్ల క్వారీలో కొలతలు రాసేవాణ్ణి. పై లెక్కలు నాకెవరూ నేర్పలేదు, పాత పుస్తకాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. రాజధానిలో ఒక సర్కారు భవనం కడుతూ, తూర్పు గోడకు బొమ్మలు చెక్కిన పలకలు కావాలని మామకు కబురొచ్చింది. ప్లాను గీసినాయన మంచి మనిషి. గోడ వేరు, బొమ్మ వేరు అన్నట్టు ఉండకూడదని ఆయన పట్టుదల. అయితే పలక మందం మూడంగుళాలు దాటకూడదన్నాడు. అంత పలచటి రాతిని లోతుగా చెక్కితే పగులుతుంది, లోతు లేకుంటే బొమ్మ కనపడదు. మామ తల పట్టుక్కూర్చున్నాడు.

ఆ చిక్కు విప్పింది నేనే, చెప్పుకోవడానికి సిగ్గుపడను. రాతి మీద బొమ్మను చూపించేది నీడ. తూర్పు ముఖంగా ఒక పలక నిలబెట్టి, దానికి అంగుళం పొడుగు మేకు బిగించి, మూడు నెలలపాటు రోజూ పొద్దున దాని నీడ కొలిచాను. ఆఫీసులు తెరిచే వేళకు అంగుళం పైచిలుకు నీడ పడుతోంది. దాన్నిబట్టి కనురెప్పకెంత, చీర మడతకెంత లోతు చాలో కాగితం మీద లెక్క వేసిచ్చాను. మామ అది చూసి, "ఒరేయ్, సూర్యుడికే పని పురమాయించావు గదరా!" అని పగలబడి నవ్వాడు.

ఎనిమిది నెలలు చెక్కాడు. పత్తి తీసే ఆడవాళ్లు, రాళ్లు కొట్టే మగవాళ్లు, అందరూ మా ఊరివాళ్లే. ముందు వరసలో ఒళ్లో పత్తి నింపుకుంటున్నది మా అత్త. ఆమెను గంటలకొద్దీ వంగి నిలబడమనేవాడు. "ఇంకెంతసేపయ్యా? చేలో అయితే ఈపాటికి గంపెడు తీసేదాన్ని" అని ఆమె సణిగేది. "కదలబాకే, దవడ తప్పిద్ది" అనేవాడు మామ. అంత సణిగిన మనిషీ, రాజధానిలో తనను తాను చూసుకోవడానికి కొత్త చీర కొనుక్కుంది.

పలకలు లారీలో ముందే వెళ్లాయి. ప్రారంభానికి ముందు రోజు మేం ముగ్గురం బస్సులో వెళ్లాం. వెళ్లి చూస్తే, బొమ్మలు ఉండాల్సిన తూర్పు గోడ మధ్యలో పెద్ద గుమ్మం. పెద్దాఫీసరుకు ఎవరో వాస్తు చెప్పారట. ప్లాను గీసినాయన దాని మీద పోట్లాడి వెళ్లిపోయాడట. మా పలకల్ని ఉత్తరపు గోడకు, వెడల్పాటి సజ్జా కింద బిగించేశారు. ఆ చోటికి ఏ నెలలోనూ ఎండ రాదు. ఎనిమిది నెలల పని చేతకాని మేస్త్రీ వేసిన సిమెంటు పూతలా కనిపించింది.

మామ ఇంజనీరు ముందు చేతులు కట్టుకున్నాడు. "అయ్యా, గుమ్మానికి అటూ ఇటూ జాగా ఉంది. పలకలు అక్కడికి మేమే మార్చుకుంటాం, కూలి కూడా వద్దు."

"రేపు ఓపెనింగయ్యా! బొమ్మలున్నయ్యా లేవా? ఉన్నయి గదా. తూర్పయితే ఏంది, ఉత్తరమయితే ఏంది?"

గుమ్మానికి దిక్కు కావాలి, బొమ్మకు అక్కర్లేదు! లెక్క కాగితం నా జేబులోనే ఉంది. తీసి ఆయన బల్ల మీద కొట్టాల్సింది. ఇరవై రెండేళ్లవాణ్ణి, దాన్ని జేబులో ఇంకా లోపలికి తోశాను.

మర్నాడు దండలు, ఉపన్యాసాలు అయ్యాయి. వచ్చిన పెద్దలు గుమ్మాన్ని మెచ్చుకుని లోపలికి వెళ్లిపోయారు. ఉత్తరం వైపు ఎవరూ రాలేదు. అత్త కొత్త చీరతో గోడ ముందు నిలబడి, "నేనేడున్నానయ్యా?" అంది. తనే గోడ దగ్గరికి పోయి, అరచెయ్యి ఆనించి, తడుముకుంటూ నడిచింది. ఒకచోట ఆగింది.

"ఏమ్మా! ముట్టుకోవద్దు!" అని వాచ్‌మన్ కేకేశాడు.

"నా ముక్కు నేను ముట్టుకుంటే నీకేందయ్యా?" అంది అత్త, చెయ్యి తియ్యకుండా.

మామ మళ్లీ ఆ ఊరి పని ఒప్పుకోలేదు. ఇద్దరూ పోయి చానా ఏళ్లయింది. కాలం అన్నిటినీ అరగదీస్తుందంటారు. ఎండా వానా తగలని ఆ గోడ మీద మా అత్త ముఖం ఇప్పటికీ అరగలేదు, నా కోపమూ అంతే.