వంతెన మీద బెల్లు

ఎవరైనా వద్దంటే మా మేనత్త నోటితో జవాబిచ్చేది కాదు, సైకిల్ బెల్లు కొట్టేది. డార్జిలింగ్ కొండల్లో మట్టిదారుల వెంట సైకిల్ యాత్ర ఆవిడ పంతం. ఆవిడుండే కలకత్తా ఖిదిర్‌పూర్‌లో కొండలెక్కడివి? అందుకే రోజూ వంతెన ఎక్కేది. గుడారం బరువు అలవాటవ్వాలని వెనక ఇసుక మూట కట్టుకునేది.

"ఏబై దాటినాక ఈ పిచ్చేటే నీకు?" అన్నాడు మావయ్య. బెల్లు మోగింది.

ఓ పొద్దున వంతెన మొదట్లో ట్రాఫిక్ పోలీసు అడ్డొచ్చాడు.

"దీదీ, ఇక్కడ సైకిల్ తొక్కడం బంద్."

అత్త దిగింది. మూటతో సహా సైకిల్‌ని భుజానికెత్తుకుంది.

"తొక్కట్నేదు దాదా, మోస్తన్నాను. దారి నేనికాడ కొండైనా ఇలాగే ఎక్కాల," అని తెలుగులోనే చెప్పి నడిచింది.

వెనకనుంచి పోలీసు అరిచాడు. అత్త భుజం మీద బెల్లు మోగింది.