హిమబిందు నిద్ర

వేంపల్లెలో కిరాణా అంగడి నడిపే వెంకటరమణయ్య కూతురు హిమబిందు ఒకచోట కుదురుగా కూర్చునే పిల్ల కాదు. కడపలో డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ ఖోఖో జట్టులో ఆడేది. సెలవులకు ఇంటికొస్తే అన్న జ్ఞానేశ్వర్‌తో పోటీపడి మూటలు దించేది, నిచ్చెన లేకుండానే అటక ఎక్కేది. అలా ఎక్కిన ఒక మధ్యాహ్నం బెల్లం బుట్ట లాగబోయి పట్టు తప్పింది. తలకిందులుగా నాపబండల మీద పడింది. మెడ విరిగింది.

వేలూరులో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు. కానీ ఛాతీ కింది నుంచి ఒళ్లు ఆమె మాట వినడం మానేసింది. భుజాలు ఆడతాయి, మోచేతులు వంగుతాయి, సాగుతాయి. వేళ్లు మాత్రం మంచినీళ్ల గ్లాసును కూడా గట్టిగా పట్టుకోలేవు. ఆ తర్వాత కొన్ని నెలలు ఒక పునరావాస కేంద్రంలో ఉంచారు. అక్కడే ఆమె తొలిసారి ఆ ఆట చూసింది. తనలాగే మెడ దెబ్బతిన్న ఒకాయన, నేలకు బిగించిన కుర్చీలో పట్టీలు కట్టించుకుని కూర్చుని, సీసా ఆకారంలో ఉన్న చెక్కముక్కను వేళ్ల సందున ఇరికించుకుని, భుజం ఊపి విసురుతున్నాడు. దాన్ని క్లబ్ త్రో అంటారట. "నేనూ ఏస్తా" అంది హిమబిందు. తొలి విసురు ఆమె ఒళ్లోనే పడింది. పగలబడి నవ్వింది. ప్రమాదం తర్వాత ఆమె నవ్వడం అదే మొదలని తల్లి రాజ్యలక్ష్మమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఇంటికొచ్చాక జ్ఞానేశ్వర్ వెల్డింగు అంగట్లో అలాంటి కుర్చీ చేయించాడు. కడపలో వికలాంగ క్రీడాకారులకు శిక్షణ ఇచ్చే శ్రీనివాసులు సార్ ఆమె చేతి ఊపు చూసి ముచ్చటపడి చేరదీశాడు. రెండేళ్లపాటు దూరం పెరుగుతూ పోయింది. మూడో ఏడు, ఎందుకో, తగ్గడం మొదలైంది.

తగ్గింది అదొక్కటే కాదు. పొద్దున కళ్లు తెరిచేసరికే తల దిమ్ముగా ఉండేది, కణతలు పగిలిపోతున్నట్టు నొప్పి. ఎండ ఎక్కకముందే రెప్పలు వాలిపోయేవి. టిఫిను తింటుంటే చేతికి కట్టిన చెంచా నోటి దాకా వచ్చి ఆగిపోయేది. ఎవరు పలకరించినా చిరాకు. టీవీ పెట్టమనేది, పెట్టగానే తీసెయ్యమనేది. కాళ్లు బిగుసుకుపోకుండా వేసుకునే మాత్రల మత్తేమోనని తండ్రి అనుకున్నాడు. దిష్టి తగిలిందని పక్కింటివాళ్లన్నారు.

రాజ్యలక్ష్మమ్మ భయం వేరు. పడక పుండ్లు రాకుండా రాత్రిళ్లు కూతురిని పక్కకు తిప్పాలి కాబట్టి ఆమె అదే గదిలో పడుకునేది. పాప గురక పెడుతుంది, అది సరే. గురక మధ్యలో ఉన్నట్టుండి చడీచప్పుడూ ఉండదు. ఎద ఎగరదు. తల్లి దిగ్గున లేస్తుంది. భుజం పట్టి కుదిపితే, బావి అడుగు నుంచి తేలినట్టు ఒక్కసారిగా గాలి లాక్కుని, మళ్లీ గురక. తెల్లవార్లూ ఇదే వరస.

"పాపా, నిద్దట్లో నీకు ఊపిరి ఆగిపోతాండాది. డాక్టరుకు చెప్దాం."

"నాకేం కాలేదు. నువ్వు నిద్రపోకుండా నన్నే చూస్తాంటే నీకు అట్లనే కనపడతాది."

అలా కొట్టిపారేయడానికి ఆమెకొక కారణముంది. ఆ ఏడాదే ప్రొద్దుటూరులో బంధువుల పెండ్లికి పోయినప్పుడు, విడిదింట్లో మధ్యాహ్నం కాసేపు కన్నంటుకుంది. మెలకువ వచ్చేసరికి గది నిండా ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. "ఏమే రాజ్యం, లారీ ఏమన్నా తెచ్చి లోపల నిలబెట్టినావా?" అంది ఒక పెద్దామె. నలుగురు కుర్చీతో సహా మోసి మెట్లెక్కించినప్పుడు పడని సిగ్గు హిమబిందు ఆరోజు పడింది. ఇక పరాయివాళ్ల ముందు నిద్రపోగూడదని ఒట్టు పెట్టుకుంది.

ఆ ఒట్టే ఆమె కొంప ముంచింది. రాష్ట్ర పోటీలకు ముందు కడపలో శిబిరం పెట్టారు. ఆడపిల్లలందరికీ ఒకే హాలు. తల్లి తోడుగా వచ్చింది. అందరూ పడుకున్నా హిమబిందు మంచం మీదికి దిగలేదు. చక్రాల కుర్చీలోనే ఫోను చూస్తూ, తల వాలినప్పుడల్లా ఉలిక్కిపడి సర్దుకుంటూ తెల్లవార్చింది. తల్లి బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. మరుసటి రాత్రీ అంతే.

ఆ తెల్లారి మైదానంలో ఆమెను విసురు కుర్చీలో కూర్చోబెట్టి పట్టీలు బిగించారు. చేయి వెనక్కి ఎత్తింది. ఎత్తిన చేయి ఎత్తినట్టే నిలిచిపోయింది. క్లబ్బు వేళ్ల సందులోంచి జారి శ్రీనివాసులు సార్ పాదం మీద పడింది.

"ఏమ్మా, నిద్రపోతాండావా?" అని ఆయన కేకేశాడు. "మనసు లేకుంటే లేదని చెప్పు. నీ తావులో ఇంకొకరిని తీసుకుంటా!"

"మనసుండాది సార్," అంది హిమబిందు. "కండ్లే నిలబడ్డంలేదు."

ఆ మాట శిబిరంలో ఫిజియోథెరపిస్టుగా ఉన్న మధులత చెవిన పడింది. కుర్చీ నీడలోకి తోసుకుపోయి నెమ్మదిగా అడిగింది. పొద్దున్నే తలనొప్పి ఉంటాదా? నోరు పిడచగట్టుకపోయి ఉంటాదా? రాత్రి నీ పక్కన పడుకునేది ఎవరు? హిమబిందు నోరు విప్పలేదు. రాజ్యలక్ష్మమ్మ విప్పింది. ఇన్నాళ్లు మింగుకున్నదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

మధులత వాళ్లను కడపలోనే ఉన్న ఊపిరితిత్తుల డాక్టర్ భూపేష్ దగ్గరికి పంపింది. ఆయన ఛాతీకి ఒక పట్టీ, వేలికి క్లిప్పు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం ఇచ్చి, ఒక రాత్రి ఇంట్లోనే పెట్టుకుని పడుకుని రమ్మన్నాడు. తండ్రినీ వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లినప్పుడు కంప్యూటరులో గీతలు చూపించాడు. గీత పైకీ కిందికీ పోతూ పోతూ చదునైపోతుంది, కాసేపటికి ఎగిరిపడుతుంది, మళ్లీ చదును.

"నువ్వు రాత్రంతా మేలుకుంటాండావమ్మా. ఆ సంగతి నీకే తెల్దు. నిద్దట్లో ఊపిరి ఆగే జబ్బిది, స్లీప్ ఆప్నియా అంటారు," అన్నాడు డాక్టరు.

"ఇది లావుగా ఉండేవాళ్లకు గదా సార్ వచ్చేది? మా పాప సన్నంగా ఉండాదే," అన్నాడు వెంకటరమణయ్య.

"మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో సన్నమూ లావూ అని లేదు. ఇది శానామందికి వస్తాది. ఊపిరి పీల్చే కండరాలు ముందే సగం బలం మీద ఉంటాయి. ఎక్కువసేపు ఎల్లకిలా పడక. కాళ్లు బిగుసుకోకుండా వేసుకునే ఆ మాత్రలొకటి. నిద్దట్లో గొంతు సడలి దారి మూసుకుంటాది. ఊపిరి ఆగినప్పుడల్లా మెదడు బెదిరి లేపుతాది. రాత్రంతా ఇట్లా లేస్తాంటే పగలు విసిరేదానికి బలం యాడ్నుంచి వస్తాది?"

హిమబిందుకు ముందు వచ్చింది భయం కాదు, కోపం. ఇన్నేండ్లలో ఎంతమంది డాక్టర్లను చూసింది! కాళ్లెట్లున్నాయన్నారు, మూత్రం ఎట్లుందన్నారు, వీపు మీద పుండ్లున్నాయా అన్నారు. నిద్రెట్లుందని ఒక్కరూ అడగలేదు.

డాక్టరు రాసిచ్చిన యంత్రం ఇంటికొచ్చింది. టిఫిను డబ్బా కన్నా కొంచెం పెద్దది. దానికో గొట్టం, గొట్టం చివర ముక్కూ నోరూ కప్పే మాస్కు, తల చుట్టూ బిగించే పట్టీలు. గొంతు మూసుకుపోకుండా అది గాలిని ఒత్తిడితో లోపలికి పంపుతుంది. పెట్టిన కాసేపటికే హిమబిందు తల అటూ ఇటూ కొట్టుకుంటూ "తియ్! తియ్!" అని అరిచింది. మాస్కు లోపలి అరుపు తల్లికి సరిగా వినబడలేదు. అర్థమై తీసేసరికి బిడ్డ ముఖం చెమటతో తడిసిపోయి ఉంది.

"వాంతి వస్తే? కరెంటు పోతే? నువ్వు బయటికి పోయింటే? నా యేళ్లతో ఆ పట్టీల క్లిప్పు ఊడదీసుకోలేను గదమ్మా. బతికుండంగానే గోతిలో పెట్టినట్టుండాది."

మాస్కు మూలన పడింది. రాష్ట్ర పోటీలు ఆమె లేకుండానే జరిగిపోయాయి. ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. తల్లి "పెట్టుకో" అంటుంది, కూతురు "పెట్టుకోను" అంటుంది, తండ్రి లేచి అంగట్లోకి పోతాడు.

ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక హిమబిందు కునుకు తీస్తుండగా, రాజ్యలక్ష్మమ్మ చప్పుడు చేయకుండా మాస్కు తెచ్చి ముఖానికి తగిలించి యంత్రం ఆన్ చేసింది. నిద్దట్లోనే అలవాటైపోతుందని ఆ తల్లి ఆశ. గాలి ముఖాన కొట్టగానే హిమబిందు బెదిరిపోయి చేయి విసిరింది. విసిరి విసిరి రాటుదేలిన చేయి అది. మణికట్టు ఎముక తల్లి పెదవికి తగిలి నెత్తురు కారింది.

రాజ్యలక్ష్మమ్మ ముందు మాస్కు తీసింది. తర్వాతే కొంగుతో పెదవి అదుముకుని మంచం కోడు దగ్గర కూలబడింది.

"నాకు తెలీకుండా ఇంకెప్పుడూ ఏం చెయ్యొద్దమ్మా," అంది హిమబిందు. "పెట్టుకుంటా. కానీ తీసేది నా చేతిలో ఉండాల."

"ఆ మాట ముందే చెప్పింటే నా పెదవి మిగిలేది గదే," అంది తల్లి.

మధులతకు ఫోన్ చేశారు. ఆమె ఆదివారం వేంపల్లె వచ్చింది. డాక్టరుతో మాట్లాడి ముక్కు వరకే కప్పే చిన్న మాస్కు తెచ్చింది. దాని పట్టీకి బొటనవేలు దూరేంత గుడ్డ ఉంగరాన్ని రాజ్యలక్ష్మమ్మ చేత కుట్టించింది. వేలు అందులో దూర్చి భుజంతో ముందుకు లాగితే మాస్కు మొత్తం ఊడి వస్తుంది. మొదట గాలి లేకుండా, పగటిపూట, అంగట్లో కూర్చునే పెట్టుకోమంది. పెట్టుకోవడం, తీయడం, పెట్టుకోవడం, తీయడం. క్లబ్బు విసరడం నేర్చుకున్నట్టే నేర్చుకోమంది.

సరుకులకొచ్చినవాళ్లు వింతగా చూసేవారు. "ఏం శెట్టీ, పాపకు ఏమైంది?" అని ఒకాయన వెంకటరమణయ్యనడిగాడు. ఆయన జవాబు వెతుక్కునేలోగా హిమబిందే మాస్కు లాగేసి చెప్పింది: "గురక రోగం మామా. దీనికి మందు ఇదే."

తర్వాత గాలితో మొదలుపెట్టింది. పాట వినేంతసేపు ఒకరోజు, టీవీ చూసేంతసేపు ఇంకోరోజు. ముక్కు మీద తోలు లేచిపోయింది. ఒక రాత్రి గాలి పక్కలకు కారి కళ్లు ఎండిపోయాయి. యంత్రాన్ని గిరాటేయాలని ఎన్నిసార్లనిపించిందో! ముక్కు దిబ్బడకు డాక్టరు గాలికి తేమ కలిపే తొట్టి పెట్టించాడు, ఒత్తిడి తగ్గించి మెల్లగా పెంచాడు. కరెంటు భయం తీరేలా జ్ఞానేశ్వర్ అంగడి ఇన్వర్టరు లైను పడకగదికి లాగాడు.

అలా పోరాడగా పోరాడగా ఒక పొద్దున ఆమె కళ్లు తెరిచి, తలనొప్పి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసింది. రాలేదు. కాఫీ తాగినా రాలేదు. అమ్మను పిలిచి చెబుదామనుకుని, చెబితే మళ్లీ వస్తుందేమోనని ఊరుకుంది.

విసురు వెంటనే బాగుపడలేదు. పోయిన బలం కూడేసరికి మళ్లీ వేసవి వచ్చింది. అంతవరకూ ఆమెకు తొందరే. శ్రీనివాసులు సార్ "నిదానం మ్మా" అన్న ప్రతిసారీ పండ్లు కొరికేది. కర్నూలులో పోటీలన్నప్పుడు తల్లిని రావొద్దంది. తిప్పి పడుకోబెట్టడానికి మధులతక్క ఉంటుందని ఒప్పించింది. హాల్లోకి పోగానే అందరికీ వినబడేట్టు చెప్పింది: "నేను పడుకునేటప్పుడు ఏనుగు తొండం పెట్టుకుంటా. ఎవురూ బెదరొద్దండి."

పక్క మంచం మీది పరుగుపందెపు అమ్మాయి యశోద నవ్వింది. "గురక వస్తాదా అక్కా?"

"ఇది పెట్టుకుంటే రాదు. పెట్టుకోకుంటే మీకు నిద్ర రాదు."

ఆ రాత్రి ఆమె అందరికన్నా ముందే నిద్రపోయింది. మర్నాడు ఆమె విభాగంలో పోటీపడ్డది ముగ్గురే. రెండో స్థానం వచ్చింది. తన పాత దూరాన్ని జానెడు దాటింది. రెండో స్థానమేమిటని ఆమె దారి పొడవునా గొణుగుతూనే ఉందని మధులత చెప్పింది.

వేంపల్లెలో రాజ్యలక్ష్మమ్మకు మాత్రం నిద్ర లేదు. కూతురు ఊళ్లో లేకపోయినా ఒళ్లు అలవాటు చొప్పున లేస్తూనే ఉంది. లేచి చీకట్లో ఖాళీ మంచం వైపు చెవి పెట్టేది. హిమబిందు తిరిగొచ్చాక కూడా అంతే; యంత్రం సన్నగా బుసబుసమంటుంటే ఆమె పడుకుని పైకప్పు చూస్తూ ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం గల్లాపెట్టె దగ్గర కూర్చునే తల వాల్చేసింది.

"పద, నిన్ను భూపేష్ సార్‌కు చూపించాల," అని హిమబిందు పట్టుబట్టింది.

"నాకేం రోగమే? నేను గురక పెట్టను."

"నువ్వు నిద్రపోతే గదమ్మా పెట్టేది!"

సోమవారం కడపకు పోవాలని హిమబిందు అన్నకు చెప్పేసింది. అంగడి ఎవరు చూస్తారని రాజ్యలక్ష్మమ్మ ఇంకా వాదిస్తూనే ఉంది.