అక్కకే దగ్గర

కళ్లద్దాలమ్మ నోటికి వీధి మొత్తం హడలు. మలుపులో చిన్న షాపు ఆమెది. రోజంతా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది, వంకరపోయిన కాడలు సరిచేస్తుంది, పనిలో పనిగా వచ్చినవాళ్లకు నాలుగు చివాట్లూ పెడుతుంది. ఆమెకు లొంగని మనిషి ఒక్కతే, సొంత అక్క.

ఎనిమిదేళ్ల కిందట బావ ఉద్యోగం కోసం అక్కావాళ్లు సముద్రాలు దాటి వెళ్లిపోయారు. అప్పటినుంచీ ఆదివారం వచ్చిందంటే ఫోన్లో ఒకటే గొడవ.

"ఈసారైనా నువ్వు రావాలక్కా."

"ఏమే, నీకు కాళ్లు లేవా? నీకెంత దూరమో నాకూ అంతే దూరం!"

ఈ 'అంతే దూరం' దగ్గర ఇద్దరూ భీష్మించుకుని కూర్చునేవారు. చూసుకోవాలని ఇద్దరికీ ప్రాణం కొట్టుకుంటోంది, ముందు దిగిరావడానికే మనసొప్పదు. ఒక తల్లి కడుపున పుట్టిన మొండిఘటాలు మరి!

ఒకరోజు విమానం టికెట్ల ఏజెంటు, ముక్కు మీద నిలవని కళ్లద్దాలు పట్టుకొచ్చాడు. కాడలు వంచుతూ ఆమె మాటవరసకన్నట్టు అడిగింది, అక్క ఊరికి ఎంతసేపు పడుతుందని.

"పన్నెండు వేల కిలోమీటర్లమ్మా. వెళ్లడానికి పదిహేను గంటలు, రావడానికి పదమూడే."

"అదేంటండీ, దూరం ఒకటేగా!"

"దూరం ఒకటే. కానీ పైన గాలి అటునుంచి ఇటు వీస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి. వచ్చేటప్పుడు అదే వెనకనుంచి తోస్తుంది."

ఆమె మొహం చేటంత అయింది. అయితే అక్కకే దగ్గర, అక్కే రావాలి! ఆ సంబరంలో ఏజెంటుకు కళ్లద్దాల డబ్బా ఒకటి ఊరికే ఇచ్చి పంపింది.

ఆదివారం దాకా ఆగుతుందా? షాపు మూసీ మూయకముందే ఫోన్ చేసి, గాలి సంగతంతా ఏకరువు పెట్టింది.

"సరేలేవే, ఓడిపోయాను. నేనే వస్తా," అంది అక్క. "తిరిగెళ్లేటప్పుడు పదిహేను గంటలన్నమాట నాకు."

అక్క మామూలుగానే అంది. చెల్లెలికి మాత్రం చివుక్కుమంది. ఎనిమిదేళ్ల కిందట విమానం ఎక్కింది మొదలు దిగేదాకా మీ అక్క ఏడుస్తూనే ఉందని బావ చెప్పాడు. అప్పుడు పక్కన బావైనా ఉన్నాడు. ఈసారి తిరుగుదారిలో, ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య ఒక్కతే కూర్చోవాలి. గెలిచిన సంబరం కాస్తా నీరుగారిపోయింది.

"నువ్వు రావద్దు."

"ఇదేం చోద్యమే! ఇప్పుడేగా రమ్మని పోట్లాడావు?"

"నేనే వస్తా. నీ దగ్గరికి వచ్చేటప్పుడు ఎన్ని గంటలైనా సంతోషంగానే కూర్చుంటా. తిరుగుదారిలో పదమూడు గంటలు ఏడిస్తే సరిపోతుంది నాకు. నీకైతే పదిహేను."

అవతల అక్క అప్పుడే మొదలుపెట్టేసింది.

"ఊరుకోక్కా, ఇంకా టికెట్టైనా కొనలేదు," అంటూ కళ్లద్దాలమ్మ తన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. ఆ తడికి అవి ఎలాగూ పనికిరావు.