బెల్టు మీద లేని నీలం

మా బాబాయి పెళ్లికి ముందు నుంచీ ఎత్తైన మేడలకు రంగులు వేస్తున్నాడు. మొన్నామధ్య తాడు తెగి మూడో అంతస్తు నుంచి ఇసుక కుప్ప మీద పడి, దులుపుకుని లేచాడు. చూడవచ్చిన పిన్ని తమ్ముడు ఫిజిక్సు లెక్చరరు.

"క్వాంటం సిద్ధాంతానికి ఒక వ్యాఖ్యానం ఉంది బావా. జరగగలిగినవన్నీ వేర్వేరు లోకాల్లో జరుగుతాయట. ఇంకో లోకంలో నువ్వు పోయే ఉంటావు. నీకు తెలిసేది మాత్రం బతికిన లోకమే," అన్నాడు.

ఆనాటి నుంచి బాబాయి ఈల వేసుకుంటూ పనికి వెళ్తున్నాడు. పిన్నికి అనుమానం పుట్టింది. ఒక సాయంత్రం ఆయన సంచీ తీసి చూసింది. చొక్కా నిండా ఆ రోజు వేసిన నీలం రంగు చుక్కలున్నాయి. పడకుండా కొత్త తాడుకు తగిలించుకోవాల్సిన నడుము బెల్టు మీద మాత్రం పాత పసుపు మరకలే ఉన్నాయి.

"బెల్టు పెట్టుకోవట్లేదు కదూ?"

"ఎందుకే? ఎలా పడ్డా నేనుండేది బతికిన లోకంలోనేనట!"

"మీరు పోయిన లోకంలో నేనుండనా? అక్కడ శవం ముందు కూర్చునేదెవరు, మీ తాతా?"

బాబాయి వెంటనే బామ్మర్దికి ఫోను చేశాడు.

"అక్క అన్నది నిజమే బావా. చూసేవాళ్లకి నువ్వు పోయినట్టే. అసలు ఆ లోకాల సంగతే ఇంకా ఎవరూ తేల్చలేదు."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చు కదరా!"

రేపట్నుంచి పెట్టుకుంటానని బాబాయి ఒట్టు వేశాడు. పిన్ని నమ్మలేదు. మర్నాడు మేడ కిందే నిలబడి, తల పైకెత్తి చూడసాగింది.

"అలా చూడకే, కళ్లలో రంగు పడుతుంది!" అని పైనుంచి బాబాయి అరిచాడు.

"పడనీండి," అంది పిన్ని, కదలకుండా.